వెనక సీటు లేని బండి

రమ, సదానందం దంపతులు కరీంనగర్ బైపాస్ పక్కన ఉన్న దేవదాస్ వెల్డింగ్ షెడ్డుకు ఇనుప గేటు చేయించుకోవడానికి వెళ్ళారు. గేటు సంగతి ఆ రోజు తేలలేదు. షెడ్డు వెనక రెండు టిప్పర్ తొట్ల మధ్య, నీలం టార్పాలిన్ కప్పి ఉన్నదాన్ని చూసి సదానందం అక్కడే నిలబడిపోయాడు.

"దీని కింద ఏమున్నదే దేవదాసన్నా?" అని అడిగాడు.

"గదా? హైదరాబాద్ కెల్లి ఒకాయన ఆర్డరిచ్చిండు. ఇల్లు లెక్క ఉంటది, బండికి తగిలిచ్చుకొని తిరుగుడే. సగం పనయినంక ఆయనకు మనసు మారింది. సగంల ఇడిచిపెట్టుడెందుకని నేనే పూర్తి జేసిన. కొనేటోడు రాలే."

సదానందం టార్పాలిన్ ఒక మూల ఎత్తాడు. తెల్లటి రేకు గోడ, చిన్న కిటికీ, మడత మెట్లు కనిపించాయి. అతను వాటి జోలికి పోలేదు. నేరుగా ముందువైపు వెళ్ళి, గాలిలోకి పొడుచుకొచ్చిన భాగం కింద దూరి, అక్కడ కిందికి వేలాడుతున్న లావుపాటి ఇనుప మేకును అరచేత్తో తుడిచాడు. తుడిచి, చేతికంటిన గ్రీజును వాసన చూశాడు.

సదానందం చాలా ఏళ్ళు సౌదీలో, రియాద్‌లోని ఒక కుటుంబానికి ఇంటి డ్రైవరుగా పనిచేశాడు. చలికాలం రాగానే ఆ కుటుంబమంతా ఎడారిలో గుడారాలు వేసుకోవడానికి పోయేది. వాళ్ళు పడుకునే చక్రాల ఇంటిని పెద్ద పికప్ బండికి తగిలించి లాక్కుపోయేది అతనే. ఫోనులో ఆ ముచ్చట్లు చెబుతుంటే, సుల్తానాబాద్‌లోని తన టైలరింగ్ షాపులో కుట్టుమిషన్ తొక్కుతూ రమ వినేది. లోపల ఏసీ ఉంటుందనీ, వంటగది ఉంటుందనీ, పరుపు మెత్తగా ఉంటుందనీ అతను చెప్పేవాడు. ఆమె అడిగిన ప్రశ్నలకు అంతు ఉండేది కాదు. నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి, వాడిన నీళ్ళు ఎటు పోతాయి, గాలి వీస్తే ఇల్లు ఊగదా అని అడుగుతూనే ఉండేది. మిషన్ చెడిపోతే మెకానిక్‌ను పిలవకుండా తనే విప్పి చూసుకునే మనిషి ఆమె. దేన్నయినా ఎట్లా పనిచేస్తుందో తెలియకుండా వాడడం ఆమెకు నచ్చదు.

ఇప్పుడు ఆ ఇల్లు ఎదురుగానే ఉంది. రమ దాని చుట్టూ ఒక చుట్టు తిరిగింది. వంగి కిందికి చూసింది.

"అన్నా, దీన్ని ఏమంటరు?"

"ఫిఫ్త్ వీల్ అంటరక్కా."

"అంటే ఐదో చక్రం గద. మరి నాలుగే ఉన్నయి?"

దేవదాస్ తల గోక్కున్నాడు. "పేరు జెప్పిండ్రు గని ఎందుకో జెప్పలే."

"సౌదిల గూడ గట్లనే అంటరు. నేను ఎన్నడు అడగలే," అన్నాడు సదానందం మేకు దగ్గర నుంచి.

అతను చెప్పగా రమకు కొంత అర్థమైంది. మామూలు ట్రైలర్‌ను బండి వెనక కొక్కానికి తగిలిస్తారు. దీని ముందు భాగం అట్లా కాదు. అది పికప్ తొట్టి మీదికి ఎక్కి కూర్చుంటుంది. తొట్టిలో బిగించిన గుండ్రటి ఇనుప పళ్ళెంలో ఈ మేకు పడి లాక్ అవుతుంది. తొట్టి పైకి వచ్చిన ఆ భాగంలోనే లోపల పడక ఉంటుంది.

రెండు వారాల తర్వాత వాళ్ళు గేటు మాట మరిచిపోయి ఆ చక్రాల ఇంటిని కొన్నారు. కాగితాల పని దేవదాస్ చూసుకుంటానన్నాడు. శ్రీరాంపూర్‌లో ఉండే కూతురు వందన ఫోనులో మొదట నమ్మలేదు.

"అవ్వా, ఇల్లుండంగ మల్ల ఇంకో ఇల్లెందుకు?"

"గీ ఇల్లు కదులుతది బిడ్డా," అంది రమ.

ఆమె జీవితంలో చేసిన ప్రతి ప్రయాణానికీ ఒక కారణం ఉండేది. గుడి, పెళ్ళి, దవాఖాన. ఈ మూడూ లేని ఊరికి ఆమె ఎన్నడూ పోలేదు. గోదావరి అవతల ఆదిలాబాద్ అడవులు వానల తర్వాత ఎట్లా ఉంటాయో చూడాలని, ఏ పనీ లేకుండా అక్కడ రెండు రోజులు కూర్చోవాలని ఆమెకు ఎప్పటినుంచో ఉంది. ఎందుకు అని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు.

ఇల్లు దొరికింది. లాగే బండి కావాలి.

సదానందం మనసులో ఉన్నది రెండు వరసల సీట్లుండే డబుల్ క్యాబిన్ పికప్. సౌదీలో నడిపిన దాని అంతది ఇక్కడ దొరకదు కానీ, ఆ ఆకారం కావాలి. కరీంనగర్‌లో వంశీధర్‌రావు అనే ఆయన అట్లాంటిది అమ్ముతున్నాడని తెలిసింది. చొప్పదండి దగ్గర మామిడితోట ఉన్న మనిషి. మోకాళ్ళ నొప్పులతో తోటకు పోవడం తగ్గించాడు. ఇద్దరూ స్కూటర్ మీద ఆయన ఇంటికి వెళ్ళారు.

బండి నల్లగా, ఎత్తుగా, తుడిచి పెట్టినట్టు ఉంది. సదానందం బానెట్ ఎత్తి ఇంజన్ చప్పుడు విన్నాడు. టైర్లు చూశాడు. తర్వాత వెనక తలుపు తెరిచి సీటు మీద అడ్డంగా పడుకున్నాడు. మోకాళ్ళు ముడుచుకుని, ఒక చెయ్యి తల కింద పెట్టి, కళ్ళు మూసి, కాసేపు అట్లాగే ఉన్నాడు. లేచి వచ్చి, "మంచిగున్నది సార్," అన్నాడు వంశీధర్‌రావుతో.

"గండ్ల పండి చూసుడేంది?" అని రమ మెల్లగా అడిగింది.

"సీటు గట్టిగున్నదా లేదా అని."

వారం కింద పెద్దపల్లిలో చూసిన బండిలోనూ అతను ఇట్లాగే పడుకున్నాడని రమకు గుర్తుంది.

వంశీధర్‌రావు భార్య మనోరమ చాయ్ తెచ్చి ఇచ్చింది. తాగుతూ, ఎవరిని చూసినా అడుగుతున్న ప్రశ్ననే రమ ఇక్కడా అడిగింది. "సార్, మేము కొన్న నాలుగు చక్రాల ఇంటికి ఐదో చక్రమని పేరెందుకు వచ్చింది? మీకేమన్న ఎరుకేనా?"

వంశీధర్‌రావు కప్పు కింద పెట్టాడు. "ఎరుక లేదు గని, ఐదో చక్రం అన్న మాట మా తాత నోట్లె విన్న. రాండ్రి, ఒకటి చూపిస్త."

పెరటి రేకుల షెడ్డులో ఆయన తాతల నాటి గుర్రపు బగ్గీ ఉంది. తోలు సీటు చినిగి లోపలి పీచు బయటికి వచ్చింది. చక్రాలకు చెద పట్టింది. ఆయన వంగలేక, కర్రతో ముందు ఇరుసు పైభాగాన్ని చూపించాడు. అక్కడ ఒక పెద్ద ఇనుప కడియం నేలకు సమంగా పడుకోబెట్టి ఉంది.

"నాలుగు చక్రాలు నేల మీద ఉరుకుతయి. ఇది పండుకున్న చక్రం. గుర్రం మలిగినప్పుడు ముందు ఇరుసు దీని మీద తిరుగుతది, పైన బగ్గీ సక్కగ ఉంటది. మా తాత దీనికి నూనె పెట్టలేదని జీతగాళ్ళ మీద ఒర్రుతుండె. ఐదో చక్రం ఎండితే బగ్గీ బోల్తా పడ్తది అంటుండె."

రమ కడియం మీద చెయ్యి వేసింది. సదానందాన్ని ముందు కాడి పట్టుకుని పక్కకు తిప్పమంది. తుప్పు రాలుతూ కడియం కిర్రుమని కదిలింది. మళ్ళీ తిప్పించింది. మూడోసారి ఆమే తిప్పింది. ఆమె ముఖం వెలిగింది.

"అంటే ఐదో చక్రం మన ఇంటికి లేదు. గుంజే బండి తొట్ల పెడ్తరే, గా పళ్ళెం. గదే ఐదో చక్రం."

"గంతే ఉండాలె," అన్నాడు వంశీధర్‌రావు.

"మరి సార్, పైన బగ్గీ బరువంత దీని మీదనే కూసుంటది గద?"

"ముందు సగం బరువు కూసుంటది."

"అయితే మన ఇంటి బరువు గూడ కొంచెం బండి నడుము మీద కూసుంటది. మీ బండి గుంజుతది, గది చూస్తనే తెలుస్తుంది. మోస్తదా?"

వంశీధర్‌రావు షోరూముకు ఫోన్ చేశాడు. లాగే బలం వేరు, వీపు మీద మోసే బలం వేరని అక్కడివాళ్ళు చెప్పారు. మనుషులు కూర్చోవడానికి చేసిన బండి కాబట్టి, మనుషులూ సామానూ అన్నీ కలిపి ఇంతకు మించవద్దని ఒక అంకె చెప్పారు. అది రమ అనుకున్న దానికంటే చాలా చిన్నదిగా ఉంది.

"ముందు మీ ఇంటిని తూకం వేసుకోండ్రి. అప్పటిదాంక బండి ఎవరికి ఇయ్య," అన్నాడు వంశీధర్‌రావు.

తూకం ఎట్లా వేయాలో ఇంటికి పోయే దారిలోనే రమ ఆలోచించింది. మొత్తం ఇల్లు ఎంత బరువుందో తెలిస్తే సరిపోదు. అందులో ఎంత దాని చక్రాలు మోస్తాయి, ఎంత బండి మోస్తుంది అన్నది తెలియాలి. నులక మంచాన్ని ఇద్దరు మోసేటప్పుడు తలవైపు పట్టిన వాడికి ఎంత బరువు పడుతుందో మంచాన్ని చూసి చెప్పలేం. వాడు ఎత్తితేనే తెలుస్తుంది.

సుల్తానాబాద్‌లో రైస్‌మిల్లులకు కొదవ లేదు, కాంటాలకూ కొదవ లేదు. షెడ్డులో ట్రైలర్లు కదపడానికి దేవదాస్ దగ్గర ఇనుప పళ్ళెం బిగించిన ఒక ముసలి లారీ ఉంది. దాంతోనే ఇంటిని లాక్కొచ్చాడు. రమ ముందే నీళ్ళ ట్యాంకు నింపించింది. గ్యాస్ సిలిండర్, పరుపులు, గిన్నెలు పెట్టించింది. ఇంకా కొనని సామానుకు బదులు బియ్యం సంచులు వేయించింది. వడ్ల ట్రాక్టర్ల వరస అయిపోయాక మిల్లు కాంటా మనిషి వాళ్ళను పిలిచాడు.

"ముందు ఉత్త లారీని ఎక్కియ్యండ్రి," అంది రమ.

ఉత్త లారీ తూగింది. తర్వాత ఇంటిని తగిలించి, లారీ చక్రాలు మాత్రమే కాంటా మీద, ఇంటి చక్రాలు కాంటా బయట రోడ్డు మీద ఉండేట్టు ఆపించింది. కాంటా మనిషికి ఇది వింతగా తోచింది. సగం బండిని తూచమన్నవాళ్ళు అతనికి ఇంతవరకు తగలలేదు. కాంటా తెర మీద అంకె చూసి, ముందటి అంకె తీసేసి, "నాలుగు క్వింటాళ్ళకు జర తక్కువ. పది బస్తాల వడ్లు అనుకోండ్రి," అన్నాడు.

సదానందం లారీ పక్కన నిలబడి ఆ మాట విన్నాడు. పది బస్తాల వడ్లు, పళ్ళెం బరువు, తామిద్దరు. షోరూమువాళ్ళు చెప్పిన అంకె ఎప్పుడో దాటిపోయింది.

"జర ఎక్కువైతే ఏమైతది? మన దిక్కు ఏ బండి తక్కువేసుకొని పోతుంది?" అన్నాడు.

"పోతయి. ఘాట్ దిగేటప్పుడు?"

వెనక బరువు తోస్తుంటే ముందు చక్రాలు తేలిపోవడం ఎట్లా ఉంటుందో సదానందానికి తెలుసు. సౌదీలో ఒకసారి తాయిఫ్ కొండ దారిలో స్టీరింగ్ చేతుల్లో దూదిలా తేలికైపోవడం అతను మరిచిపోలేదు. ఆ సంగతి రమకు చెప్పలేదు.

ఆ సాయంత్రం షాపు మూసి వచ్చి, ఇంటి ముందు అరుగు మీద ఇద్దరూ చాయ్ తాగుతున్నారు. రోడ్డు మీద పికప్‌లు పోతున్నాయి. పాల క్యాన్ల బండి, కోళ్ళ బండి, టెంట్ సామాను బండి. అన్నీ ముందు ఒకే వరస సీటు, వెనకంతా తొట్టి ఉన్నవే.

"ఇగో, వింటున్నవా?" అంది రమ. "గివన్ని సింగిల్ క్యాబిన్ బండ్లు. గీటికి మోసుడే పని. తొట్టి గూడ పొడుగున్నది. నువ్వు గీటి దిక్కు చూస్తనే లెవ్వు."

"గవి సామాన్ల బండ్లు. కూరగాయలేసుకునేటియి."

"ఉండేది మనమిద్దరమే. వెనక సీట్ల ఎవలు కూసుంటరు?"

"ఎవలన్న వస్తరు. వందన వస్తది, అల్లుడొస్తడు."

"ఆళ్ళకు కారున్నది. కూసునుడు గాదు, నువ్వు పోయిన కాడల్ల వెనక సీట్ల పండి చూస్తున్నవు. ఎందుకు?"

సదానందం కప్పులో మిగిలిన చాయ్‌ని కాసేపు తిప్పుతూ ఉన్నాడు. అతను దాచడానికి చూస్తున్నట్టు లేదు. తనకే ఇప్పుడు ఆ సంగతి తట్టినట్టు ఉంది.

"అలవాటు గావచ్చు," అన్నాడు. "ఆడ గట్లనే పండుకుందు గద."

"ఏడ?"

"బండ్ల. వెనక సీట్ల."

రమ అతని వైపు తిరిగి కూర్చుంది. "మరి ఇంట్ల పరుపు మెత్తగుంటది అని జెప్పితివి. ఏసీ ఉంటది అంటివి."

"ఉంటది, ఆళ్ళకు. అబద్ధం జెప్పలే."

"నువ్వు ఒక్కనాడన్న పండలేదా?"

"డ్రైవర్ లోపల ఎందుకు పండుతడే? ఆడోళ్ళుంటరు, పిల్లగాండ్లుంటరు. పరుపులు నేనే ఎండలేసి దులిపేటోన్ని, మెత్తగున్నయని గట్ల తెలుసు. చలికాలం ఆ ఎడారిల ఎముకలు కొరికే చలి. రెండు కంబళ్ళు కప్పుకొని సీట్ల ముడుసుకుంటె ఫికర్ లేదు. పొద్దుగాల్ల ఆ ఇంటి ముసలామె గావా, అంటే ఆళ్ళ కాఫీ, తెచ్చి అద్దం మీద కొట్టేది. మంచోళ్ళే."

అతని గొంతులో బాధ లేదు. అదే రమను ఎక్కువగా పట్టుకుంది. అన్నేళ్ళూ ఫోనులో తను అన్ని ప్రశ్నలు అడిగింది. నీళ్ళ గురించి, గాలి గురించి, గ్యాస్ గురించి. నువ్వు ఎక్కడ పడుకుంటున్నావు అని మాత్రం అడగలేదు. అడగాల్సిన అవసరమే ఉందనుకోలేదు. మెత్తటి పరుపు అనగానే అతను దాని మీద ఉన్నట్టే బొమ్మ కట్టుకుంది.

ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి పోయి, కడిగి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"వెనక సీటు మనకు అక్కెర లేదు," అంది.

"ఔ," అన్నాడు సదానందం. "అక్కెర లేదు."

వంశీధర్‌రావుకు ఫోన్ చేసి, వద్దనుకున్నామని చెప్పారు. ఆయన కారణం అడిగి, తూకం సంగతి విని, "మంచి పని జేసిండ్రు. ఇల్లు తయారైనంక ఒకసారి ఇటు తీసుకొని రాండ్రి, మా మనోరమ చూస్తానంటుంది," అన్నాడు.

ధర్మపురిలో హనుమండ్లు అనే ఆయన దగ్గర సింగిల్ క్యాబిన్ పికప్ అమ్మకానికి ఉందని దేవదాస్ చెప్పాడు. గుడి దుకాణాలకు కొబ్బరికాయలు తోలే బండి అది. ఇప్పుడు ఆయన పెద్ద బండి కొన్నాడు. తెల్లటి రంగు, డోరు మీద నరసింహస్వామి స్టిక్కరు, తొట్టిలో కొబ్బరి పీచు. సదానందానికి అది చూడగానే ఉత్సాహం రాలేదు. కానీ ఇంజన్ చప్పుడు విని తల ఊపాడు.

రమ ఈసారి అడగడంతో ఆగలేదు. బస్తా వడ్ల బరువుకు సరిగ్గా ఇసుక నింపిన పది సంచులు తయారు చేయించమని ముందురోజే హనుమండ్లుకు చెప్పింది. ఆయన నవ్వుతూనే చేయించాడు. "నేను ఇరవై ఏండ్లల్ల ఎన్నో బండ్లు కొన్న, అమ్మిన. గిట్ల పరీక్ష వెట్టినోళ్ళు లేరు," అన్నాడు.

సంచులు వేయకముందు, వెనక చక్రానికీ దాని మీది రేకుకూ మధ్య ఆమె చెయ్యి పెట్టి చూసింది. జానెడు సందు ఉంది. సంచులన్నీ తొట్టి చివర పేర్పించింది. సందు బెత్తెడైంది. సదానందం నది వైపు దిగే వాలు రోడ్డు మీద ఒకసారి పోయి వచ్చి, ముఖం చిట్లించాడు.

"ముందల తేలుతుంది. స్టీరింగ్ మాట ఇంటలేదు."

"ఇగ సంచులు ముందటికి జరుపుదాం. చక్రాలకు సక్కగ మీదికి," అంది రమ.

హనుమండ్లు, సదానందం కలిసి సంచులను వెనక ఇరుసుకు సరిగ్గా పైకి, ఇంకా ఓ బెత్తెడు ముందుకు జరిపారు. ఈసారి రమ కూడా ఎక్కి పక్క సీట్లో కూర్చుంది. బండి వాలు దిగింది. అడుగున ఉన్న మలుపులో సదానందం కావాలనే గట్టిగా బ్రేకు తొక్కాడు. బండి నేలను పట్టుకుని ఆగింది. అతను స్టీరింగ్ మీద చేతులు అట్లాగే ఉంచి రమను చూశాడు.

"అవే సంచులు, అదే బండి," అన్నాడు ఆశ్చర్యంగా. "పెట్టే జాగ మారితె గింత ఫరకా?"

"పళ్ళెం గక్కడ్నే బిగియ్యాలె," అంది రమ.

ఆ బండినే తీసుకున్నారు.

దేవదాస్ తొట్టి వెనక తలుపు తీసేసి, పక్క పలకలను కిందికి కోసి, పళ్ళెం బిగించాడు. ఇంటికి ఉన్న కరెంటు బ్రేకులను బండి పెడల్‌కు కలిపాడు. షెడ్డు ముందు ఖాళీ జాగాలో సదానందం బండిని కుడికి, ఎడమకు పూర్తిగా మలిపి చూపించాడు. మలిగిన ప్రతిసారీ రమ కిందనే నిలబడి, ఇంటి మూల క్యాబిన్ అద్దానికి ఎంత దగ్గరగా వస్తుందో చూసింది. తొట్టి పొడుగ్గా ఉండడం వల్ల రెండు జానల సందు మిగిలింది. డబుల్ క్యాబిన్ అయి ఉంటే ఆ మూల అద్దంలోకి దూరేదని దేవదాస్ అన్నాడు. రమ షాపులో మిగిలిన గుడ్డలతో కిటికీలకు పరదాలు కుట్టింది. ఒక్కో కిటికీకి ఒక్కో రంగు వచ్చింది.

పత్తి పగిలే రోజుల్లో బయలుదేరారు. రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, లక్షెట్టిపేట మీదుగా జన్నారం చేరి, అక్కడి నుంచి ఉట్నూరు రోడ్డు ఎక్కారు. టేకు చెట్లు రోడ్డుకు రెండు పక్కలా దగ్గరగా జరిగాయి. ఎక్కేటప్పుడు బండి మెల్లగా మూలుగుతూ ఎక్కింది. వెనక ఒక బస్సు చాలాసేపు హారన్ కొట్టి దాటిపోయింది. సదానందం తొందరపడలేదు.

దిగుడు రాగానే రెండో గేరులోకి మార్చాడు. రమ అతని చేతులనే చూస్తూ ఉంది. మలుపు అవతల మేకల మంద రోడ్డంతా పరుచుకుని ఉంది. అతను బ్రేకు తొక్కాడు. వెనక ఇల్లు ఒక్కసారి మెత్తగా తోసింది, అంతే. దాని బ్రేకులు కూడా పట్టుకున్నాయి. మందకు చాలా ముందే బండి ఆగింది. మేకలు తీరికగా దాటాయి. సదానందం చెమట తుడుచుకున్నాడు.

"తాయిఫ్ ఘాట్ల ఒకసారి నాకు పానం పోయినంత పనయింది," అని అప్పుడు చెప్పాడు.

"గిన్ని దినాలు ఎందుకు జెప్పలే?"

"పరేషాన్ అయితవని."

"ఇప్పుడు జెప్పు," అంది రమ. మేకలు పోయేదాకా అతను చెప్పాడు. ఎక్కడ మలుపు, ఎంత వాలు, ఎట్లా ఆపాడు అని ఆమె అడుగుతూనే ఉంది.

మధ్యాహ్నానికి ఉట్నూరుకు ఇవతల, రోడ్డు పక్కనే ఒక పత్తిచేను అంచున చదునైన జాగా కనిపించింది. చేనులో పత్తి ఏరుతున్న ఒకావిడను అడిగితే, ఉండమంది. ఆమె పేరు పోశవ్వ. చేను ఆమెదే. సదానందం చక్రాల కింద రాళ్ళు పెట్టి, మడత మెట్లు దించాడు. రమ లోపల అన్నం, పప్పు, వంకాయ కూర చేసింది. తినడానికి పిలుద్దామని తలుపు దగ్గరికి వస్తే అతను బయట లేడు. బండి క్యాబిన్‌లో కూర్చుని, తలుపు తెరిచి, కాళ్ళు బయటికి చాపి ఉన్నాడు.

"గక్కడ కూసున్నవేంది? లోపలికి రా."

అతను వచ్చాడు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, వాటిని పక్కకు సర్ది, కొంచెం తల వంచి లోపలికి అడుగుపెట్టాడు. వేరేవాళ్ళ ఇంటికి వచ్చినట్టే ఉంది అతని నడక. తిన్నాక రమ పై పడక చూపించి, "జర సేపు నడుము వాల్చు," అంది. అతను ముందు అంచు మీద కూర్చున్నాడు. తర్వాత పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. నిద్రలో ఎప్పుడో కాళ్ళు చాపుకున్నాడు. ఎండ వాలేదాకా లేవలేదు.

ఆ మధ్యలో పోశవ్వ పత్తి మూట గట్టున పెట్టి వచ్చింది. మెట్ల మీద నుంచి లోపలికి తొంగిచూసింది.

"ఏ ఊరక్కా మీది?"

"సుల్తానాబాద్. పెద్దపల్లి దిక్కు. జర మెల్లగ, మా ఆయన పండిండు."

పోశవ్వ గొంతు తగ్గించింది. కానీ ప్రశ్నలు తగ్గించలేదు. నీళ్ళు ఏడికెల్లి వస్తయి, వాడిన నీళ్ళు ఎటు పోతయి, గాలి దుమారం వస్తే ఊగదా అని వరసగా అడిగింది. రమ ఒక్కోదానికీ జవాబు చెప్పింది. పంపు తిప్పి చూపించింది. కిందికి తీసుకెళ్ళి పళ్ళెం, మేకు చూపించింది. పోశవ్వ చీర చెంగు బొడ్డులో దోపి, వంగి, ఆ రెండింటి మధ్య వేలు పెట్టబోతే రమ ఆపింది.

"మరి ఏ పని మీద వచ్చిండ్రు? ఎవలన్న సుట్టాలున్నరా?"

"లేరు. ఉత్తగనే."

పోశవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. "ఉత్తగనే ఇంత దూరమా," అంది. కాసేపు ఆలోచించి, "నేను గిన్నేండ్ల సంది గీ చేను కాడ ఉంటున్న. గా గుట్ట అవుతల ఏమున్నదో పోయి చూడలే," అని దూరంగా నీలంగా ఉన్న గుట్టను చూపించింది.

"ఎందుకు?"

"పని వడలే."

మరునాడు పొద్దున పోశవ్వ అంగడికి పోవాలి. ఆటో కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే సదానందం ఎక్కమన్నాడు. ఇంటిని చేను దగ్గరే విడిచిపెట్టి ఉత్త బండిలో బయలుదేరారు. ముగ్గురూ ఒకే సీటు మీద ఇరుక్కుని కూర్చున్నారు. పోశవ్వ ఒళ్ళో ఖాళీ గంప, మధ్యలో ఇరుక్కున్న రమ మోకాళ్ళకు గేరు రాడ్ తగులుతోంది.

కొంత దూరం పోయాక ఎర్రమట్టి బాట ఒకటి రోడ్డు నుంచి విడిపోయి, చెట్ల మధ్య నుంచి గుట్ట వైపు పోయింది.

"గీ బాట ఎటు పోతది?" అని అడిగింది రమ.

"గుట్ట అవుతలికేనట. అంటరు. నాకు సక్కగ తెల్వది," అంది పోశవ్వ.

"అంగడి ఎప్పటిదాంక ఉంటది?"

"పొద్దుగూకే దాంక."

సదానందం బండి వేగం తగ్గించి, ఇద్దరి ముఖాలూ చూశాడు. పోశవ్వ గంపను కాళ్ళ దగ్గర పెట్టుకుంది. అతను స్టీరింగ్‌ను ఎర్రబాట వైపు తిప్పాడు.